గోడలో దాచిన గాలి గొట్టం

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను కాసేపు మాట్లాడమన్నారు. ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారాగారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, పింఛను ఎవరూ దయతలచి వేసే ముష్టి కాదన్న సంగతి గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఇప్పటికే చెప్పారు. నేను ఎన్నుకున్న విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. మా ఇంటి బాత్రూములో ఉన్న ఒక గొట్టం గురించి మాట్లాడదామని వచ్చాను. నవ్వండి, తప్పులేదు. కాని ఆ గొట్టం మూలాన మా ఇంట్లో మా ఆవిడ ప్రాణం మీదికి వచ్చింది. ఆమె తేరుకున్నాక, మా ఇంటి ముందే మరొకరి ప్రాణం పోబోయి ఆగింది. అందుచేత సభలో చెప్పడానికి సిగ్గుపడటం మానేశాను.

నేను ఇరిగేషను శాఖలో డ్రెయిన్ల విభాగంలో గుమాస్తాగా చేసి 2008లో రిటైరయ్యానని మీలో చాలామందికి తెలుసు. ఉద్యోగమంతా యనమదుర్రు డ్రెయిను ఫైళ్లు, పూడికతీత ఎస్టిమేట్లు, తూడు తొలగింపు బిల్లులు. నీరు పల్లమెరుగును అంటారు. డెల్టాలో నీరు పోవడానికి పల్లం ఉండదు, దారి మనమే ఇవ్వాలి అని పెద్ద ఇంజనీర్ల దగ్గర వందసార్లు విన్నాను, ఆ మాటే నోట్ ఫైళ్లలో రాశాను. అటువంటివాణ్ణి మా ఇంటి మురుగుకు దారి ఎటుందో చూసుకోలేదు. ఇదొక వింత.

మా ఇల్లు మూడు సెంట్ల స్థలంలో ఉంది. కింది భాగం 1989లో ఇంటి అప్పు పెట్టి కట్టుకున్నాము. పై అంతస్తు 2001లో వేశాము. పక్కవారి గోడకు మా గోడకు మధ్య పిల్లి దూరే సందు కూడా లేదు గనుక పై బాత్రూము నుంచి దిగే నాలుగంగుళాల పైపును బయటి గోడకు వేసే వీలు లేకపోయింది. ఆ పైపు స్లాబులోంచి దిగి, మా కింది బాత్రూము మూలగా వచ్చి, నేలలోకి పోయి, చాంబరు మీదుగా సెప్టిక్ ట్యాంకుకు చేరుతుంది. దాని పై కొస డాబా మీద ఆకాశంలోకి నిలబడి ఉండేది. 1989 నాటి ట్యాంకుకు విడిగా ఒక సన్న గొట్టం ఉండేది. పై అంతస్తు కట్టినప్పుడు, ఇంత పెద్ద పైపు పైకి వెళుతోంది కదా ఇంకా అదెందుకని తీసివేశారు. అంటే ట్యాంకుకు, రెండు బాత్రూములకు కలిపి ఊపిరి పీల్చే ముక్కు అదొక్కటే. ఈ సంగతి నాకు 23 ఏళ్ల తరువాత తెలిసింది.

2023లో నాకు కమ్యుటేషను పునరుద్ధరణ జరిగింది. పదిహేనేళ్లు కోత కోసిన పింఛను మళ్లీ నిండుగా చేతికొస్తే మనిషికి ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది, ఇది మీకు నేను చెప్పనక్కర్లేదు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నేలమీది పాయిఖానా మీద కూర్చుని లేవలేకపోతోంది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఫోనులో, "నాన్నగారూ, కమోడు పెట్టించి బాత్రూమంతా కొత్తగా చేయించేయండి, సగం నేనిస్తాను" అన్నాడు. వాట్సాపులో బొమ్మలు కూడా పంపాడు. ఏ బొమ్మలోనూ గొట్టమన్నది కనిపించదు. అద్దాల్లా మెరిసే గోడలు, అంతే.

2024 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టించాను. తాపీమేస్త్రి మంచి పనివాడు, టైల్సు అతికించడంలో చెయ్యి తిరిగినవాడు. మూలనున్న పైపును చూసి, "ఇదేంటండి బాబుగారూ, ఇంత ఖర్చు పెట్టి ఇది ఇలా వదిలేస్తే దిష్టిబొమ్మలా ఉంటాది. ఇటికెలు నిలబెట్టి బాక్సు కట్టేసి టైల్సు వేసేత్తానండి, ఆయ్" అన్నాడు. నాకూ అది బాగానే ఉందనిపించింది. మా ఆవిడ మాత్రం గుమ్మంలో నిలబడి, "దాన్ని పట్టుకునే నేను లేచేది" అంది. ఆ మాట ఎవరమూ పట్టించుకోలేదు. కమోడు వస్తోంది కదా, ఇంక పట్టుకోవడమెందుకు అన్నాను నేను.

ఆ పైపుకు నడుము ఎత్తున ఒక చిన్న తలుపులాంటి బిళ్ల ఉంటుంది, రెండు బోల్టులతో బిగిస్తారు. ప్లంబర్లు దాన్ని డోర్ టీ అంటారు. పైపులో ఎప్పుడైనా అడ్డుపడితే ఆ బిళ్ల విప్పి కర్రో తీగో దూర్చి తీయడానికి ఉంచిన దారి అది. మేస్త్రి బాక్సు కట్టినప్పుడు ఆ తలుపు కూడా ఇటుకల వెనక్కి పోయింది. పైన డాబా మీద బట్టలారేసుకోవడానికి రేకుల షెడ్డు వేయించాను అదే ఊపులో. షెడ్డుకు అడ్డమొస్తోందని ప్లంబరు కుర్రవాడు పైపు కొసను మోకాలి ఎత్తుకు కోసి, దోమలు రాకుండా అని మూత బిగించాడు. నేను కింద నుంచే "సరే కానివ్వు" అన్నాను. మోకాళ్లు నావీ అంతంతమాత్రమే, డాబా ఎక్కి చూడలేదు.

ఉగాది నాటికి బాత్రూము తయారైంది. వచ్చినవారందరికీ చూపించాను. చూపించవలసిన గది కాదు గాని చూపించాను.

పదిహేను రోజులు గడవకుండానే మొదటి గుర్తు కనిపించింది. పైన అద్దెకున్నవారు ఫ్లష్ లాగితే కింద మా కమోడులో నీళ్లు గుడగుడమని పొంగి దిగేవి. నేల జాలీలోంచి బుడగ తేలేది. కొత్త పని కదా సర్దుకుంటుందిలే అనుకున్నాము. తరువాత వాసన మొదలైంది. పొద్దున ఒకసారి, రాత్రి పది గంటలకు ఒకసారి. జూన్‌లో కాలువలకు నీరు వదిలి, వానలు పడ్డాక ఇంక వేళాపాళా లేదు. మన ఊరి సంగతి తెలుసు కదా, వానాకాలంలో గునపం దింపితే నీరు ఊరుతుంది. నేలంతా నానిపోయి, ట్యాంకులోంచి నీరు బయటకు పోవడం మందగించి, లోపల గాలికి ఉండే చోటు కూడా తగ్గిపోయింది. ఆ గాలి మా ఇంట్లోకి వచ్చింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను మా ఆవిణ్ణి అన్నాను. "కొత్త బాత్రూము ఇచ్చినా కడుక్కోవడం చేతకాదా" అన్నాను. ఆమె మాట్లాడలేదు. రోజుకు మూడుసార్లు ఫినాయిలు పోసింది, కర్పూరం వెలిగించింది, అగరొత్తులు పెట్టింది. లండన్‌లో 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు కిటికీల తెరలను సున్నపు క్లోరైడు నీళ్లలో ముంచి వేలాడదీశారట. దేశాన్నేలే పెద్దలకే వాసన పుట్టే చోటు వదిలి ముక్కు దగ్గర మందు వేయడం తోచింది కాబట్టి మా ఇద్దరినీ తప్పు పట్టనక్కర్లేదనుకుంటాను. నా నోటిని మాత్రం తప్పు పట్టవచ్చు.

జూలైలో ఒకనాటి సాయంత్రం నేనే బజారునుంచి బ్లీచింగు పౌడరు, బాత్రూము కడిగే యాసిడ్ సీసా తెచ్చి, "రెండూ పోసి తలుపేసి కడుగు, దెబ్బకు వదులుతుంది" అన్నాను. సోదరీమణులారా, దయచేసి ఈ ముక్క మాత్రం గుర్తుంచుకోండి. బ్లీచింగు పౌడరు మీద యాసిడ్ పడితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. ఇరుకు గది, మూసిన తలుపు. రెండు నిమిషాల్లో దగ్గుతూ తలుపు తీసుకుని బయటకొచ్చి అరుగు మీద పడిపోయింది. కళ్లు ఎర్రగా అయిపోయాయి, ఊపిరి అందడం లేదు. పై వాటా అబ్బాయి ఆటో తెచ్చాడు. రాత్రంతా ఆసుపత్రిలో ఆక్సిజను పెట్టి ఉంచారు. తెల్లవారి తేరుకుంది. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "ఇంత వాసన అసలెందుకొస్తోంది, అది చూసుకోండి ముందు" అన్నారు. నాలుగు నెలలుగా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. వాసన ఎలా పోగొట్టాలా అన్నదొక్కటే ఆలోచించాను.

మన సంఘంలోనే ఒక మిత్రులున్నారు. పబ్లిక్ హెల్త్ పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పేరు చెప్పవద్దన్నారు కనుక చెప్పను, సభలోనే ఉన్నారు. ఆయన్ను తీసుకొచ్చాను. ఆయన ఒక అగరొత్తి వెలిగించి నేల జాలీ పక్కన నిలబెట్టి, పైన ఫ్లష్ లాగమన్నారు. నీళ్లు దిగిన చప్పుడు వినబడగానే పొగ తిన్నగా జాలీలోకి పీల్చుకుపోయింది, ఎవరో లోపల కూర్చుని చుట్ట పీల్చినట్లు. మరుక్షణం గుడగుడ. ఆయన అడిగినది ఒకటే మాట. "గాలి గొట్టం మూత ఎవరు పెట్టారండి?"

ఆయన అప్పుడు చెప్పినది నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను. కిరసనాయిలు డబ్బా సంగతి మన వయసువారికి తెలుసు. ఒకటే చిల్లు పెట్టి వంచితే నూనె తిన్నగా రాదు, బుడుక్ బుడుక్ మని ఆగి ఆగి వస్తుంది. ఎదురు మూలన ఇంకొక చిల్లు పెడితే ధార కడుతుంది. నూనె పోయిన చోటికి గాలి రావాలి కదా. పై అంతస్తునుంచి బకెట్టు నీళ్లు ఒక్కసారిగా పైపులోకి దిగినప్పుడు వాటి వెనక ఖాళీ ఏర్పడుతుంది, ముందున్న గాలి కిందికి నెట్టబడుతుంది. పై కొస తెరిచి ఉంటే ఆ ఖాళీలోకి గాలి ఆకాశంనుంచి వస్తుంది. మూసేస్తే ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి లాక్కుంటుంది.

ఆ బలహీనమైన చోటు ఏదంటే, కమోడు మెడలోనూ నేల జాలీ కిందనూ నిలిచి ఉండే కాసిని నీళ్లు. రెండంగుళాల లోతు నీరు, ఇంచుమించు 50 మిల్లీమీటర్లు. ట్యాంకులోని దుర్వాయువుకు మన ముక్కుకు మధ్య అడ్డు ఆ రెండంగుళాల నీళ్లు తప్ప ఇంకేమీ లేదు. గొట్టాన్ని ఒంపు తిప్పి అందులో నీరు నిలబెట్టే ఈ ఉపాయానికి 1775లో లండన్‌లో పేటెంటు తీసుకున్నది అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాలు చేసే ఆయన. గడియారాలు చేసే ఆయనకు పాయిఖానా గొడవ ఎందుకు పట్టిందో గాని, 250 ఏళ్లయినా దానికి మించినది రాలేదు. అయితే గాలి గొట్టం మూసేస్తే పైనుంచి దిగే ప్రతి బకెట్టూ ఆ నీటిని కాస్త కాస్త లాగేస్తుంది. నీటి అడ్డు పోయాక లోపలి వాయువుకు మన ఇల్లే దారి.

ఆయన వెంటనే ఒక కుర్రవాణ్ణి డాబా ఎక్కించి మూత తీయించారు. అప్పుడే పైన మళ్లీ ఫ్లష్ లాగించారు. గుడగుడ లేదు. నాలుగు నెలల రోగం నాలుగు నిమిషాల్లో కుదిరింది. నేను తెల్లబోయి నిలుచున్నాను. మా ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి మంచం మీద పడుకుని ఉంది. అక్కడినుంచే, "కడగడం వచ్చిందాండీ ఇప్పుడు నాకు?" అని అడిగింది. జవాబు లేదు నా దగ్గర.

గుడగుడ పోయింది కాని వాసన పూర్తిగా పోలేదు. బాత్రూము వెనక గోడ మా వంటింటి గోడ. దాని మీద, బియ్యం డబ్బా పెట్టే చోట, అరచేతి మేర చెమ్మ కనిపించింది. దానికి వంటింటి సింకు కారణమనుకుని అప్పటికే ఒకసారి డబ్బు తగలేశాను. మిత్రులు చూసి, బాక్సు పగలగొట్టక తప్పదన్నారు. కొత్త టైల్సు మీద సుత్తి పడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. లోపల డోర్ టీ బిళ్లకు ఒక బోల్టే ఉంది. రెండోది పని జరుగుతున్నప్పుడే ఊడిపోయిందో, ముందే లేదో. రబ్బరు వాషరు పక్కకు జరిగి అక్కడినుంచి మురుగు చుక్క చుక్కగా కారుతోంది. ఇటుకలు నల్లగా నానిపోయి ఉన్నాయి. పది రూపాయల బోల్టు. కళ్లెదుట ఉన్న రోజుల్లో అయితే మా ఆవిడ చెమ్మ చూసిన పూటే చెప్పేది.

ఆ తరువాత జరిగినదే నేను ముందు చెప్పిన రెండో ప్రాణం సంగతి. ట్యాంకు ఎన్నో ఏళ్లుగా తీయించలేదు, ఎలాగూ తీయిద్దామనుకున్నాము. మేస్త్రికి తెలిసిన ఒక కుర్రవాడు వచ్చాడు, పాతికేళ్లుంటాయేమో. మూత పలక జరిపించి, చొక్కా విప్పి పక్కన పెట్టి, అంచు మీద కూర్చుని కాలు లోపల పెట్టాడు. మిషను రావాలంటే రెండు రోజులు పడుతుందండి, నేను గంటలో తీసేత్తాను అన్నాడు. నేను గేటు దగ్గర కుర్చీలో ఉన్నాను. నాకేమీ అనిపించలేదు. కిటికీలోంచి మా ఆవిడ కేక వేసింది, "ఆ అబ్బాయిని దిగనివ్వకండి!" అని. ఆ గొంతు అప్పటికింకా సరిగా పెగలడం లేదు. ఆ కేకకు వాడే ఉలిక్కిపడి కాలు పైకి తీసుకున్నాడు.

ఎన్నో ట్యాంకులు దిగానండి అన్నాడు వాడు. దిగి ఉంటాడు. ట్యాంకులో మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు ఉంటాయి. రెండోది కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. అది ఎక్కువైతే ముందు ముక్కును మొద్దుబారుస్తుంది, వాసన పోయింది కదా అనుకునేలోపు మనిషి పడిపోతాడు. పడిపోయినవాణ్ణి తీయబోయి రెండోవాడు, మూడోవాడు కూడా పోయిన కబుర్లు పేపర్లో చూస్తూనే ఉన్నాము. ఆపైన మా ట్యాంకు గాలి గొట్టం నెలల తరబడి మూసి ఉంది. 2013లో వచ్చిన చట్టం ప్రకారం తగిన రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇలా దిగి చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పి, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. అవన్నీ నేను తరువాత చదువుకున్నాను. ఆ పూటకు ఆపింది చట్టం కాదు. ఆ గాలి పీల్చి వచ్చిన మనిషి. కుర్రవాడికి ఆ రోజు కూలి ఇచ్చి, టీ తాగించి పంపి, రెండు రోజులు ఆగి సక్షను ట్యాంకరు పిలిపించాను.

ఇంక బాక్సు సంగతి. గొట్టాన్ని దాచకూడదని నేను చెప్పడం లేదు. మీ అందరి ఇళ్లలోనూ పిల్లలు బాత్రూములు మార్పిస్తున్నారు, మార్పించాలి కూడా. బయటి గోడకు వేసే సందు ఉంటే అక్కడికే మార్పించుకోవడం అన్నిటికంటె మేలు. లేనివారు దాచుకోవచ్చు. మేమూ మళ్లీ దాచాము. ఈసారి మిత్రులు దగ్గరుండి చేయించారు.

ముందు బిళ్ల బిగించి, వాషరు మార్చి, పైనుంచి రెండు మూడు బకెట్లు ఒక్కసారి పోయించి, ప్రతి అతుకు చుట్టూ పాత న్యూస్‌పేపరు చుట్టి తడి తగులుతోందేమో చూశారు. ఒక రోజంతా అలా వదిలారు. పొడిగా ఉందని తేలాకనే బాక్సు. ఇటుకలు వద్దన్నారు. ఇనప చట్రం నిలబెట్టి దానికి సిమెంటు బోర్డు స్క్రూలతో బిగించి దాని మీద టైల్సు వేశారు. పైపుకు బోర్డుకు మధ్య రెండంగుళాల ఖాళీ వదిలారు. పి.వి.సి. పైపును సిమెంటుతో కప్పేయకూడదట. మూడు మీటర్ల పైపు ఇరవై డిగ్రీల వేడి తేడాకు నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు సాగుతుంది. వీలు లేకుండా బిగిస్తే అతుకు దగ్గర వదులుతుంది. మన రోహిణికార్తె ఎండలకు చెప్పనే అక్కర్లేదు.

డోర్ టీకి ఎదురుగా అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తున తలుపు పెట్టారు. అదే టైలు అతికించిన పలక, నాలుగు స్టీలు స్క్రూలు. చూసినవారికి తలుపని తెలియదు, తెలిసినవారు ఐదు నిమిషాల్లో విప్పగలరు. తలుపు ఎంతుండాలంటే ప్లంబరు రెండు చేతులూ, స్పానరూ పట్టాలి. కొందరు బిళ్లంత కన్నం వదిలి తలుపు పెట్టామంటారు, దాని వల్ల ఉపయోగం లేదు. రాత్రిపూట పైనుంచి నీళ్లు దిగే చప్పుడు తగ్గడానికి పైపు చుట్టూ రబ్బరు ఫోము చుట్టారు. గోనె చుట్టిద్దామన్నాను నేను. చెదపురుగులకు అన్నదానం చేస్తారా అన్నారు మిత్రులు.

డాబా మీద పైపును మళ్లీ పొడిగించాము. సెప్టిక్ ట్యాంకుల గురించి భారత ప్రమాణాల సంస్థ వేసిన ఐ.ఎస్. 2470 అనే నియమావళి ఉంది. ట్యాంకు ఇంటికి 15 మీటర్ల లోపు ఉంటే గాలి గొట్టం ఇంటి పై భాగంకంటె రెండు మీటర్లు ఎత్తుకు పోవాలన్నది అందులోని మాట. మన మూడు సెంట్ల స్థలాల్లో ఇల్లూ ట్యాంకూ గేటూ కలిపినా 15 మీటర్లుండవు కాబట్టి అందరికీ అదే లెక్క. షెడ్డు రేకుకు కన్నం చేసి పైకి తీశాము. పక్కింటివారి కిటికీకి ఎదురుగా రాకుండా కూడా చూసుకోవాలి, లేకపోతే వాసనకంటె తగాదా పెద్దదవుతుంది.

మూత పెట్టిన ప్లంబరు కుర్రవాణ్ణి నేను పూర్తిగా తప్పు పట్టను. దోమలన్న మాట నిజమే. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంతమంది కాళ్లను తినేసిందో మన వయసువారం కళ్లారా చూశాము. ఆ జబ్బు మోసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతుంది, గాలి గొట్టంలోంచే లోపలికీ బయటికీ తిరుగుతుంది. ఫైలేరియా మీద శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని రాజమండ్రిలో పెట్టారంటే ఊరికే పెట్టలేదు. కాని దోమకు అడ్డు పెట్టవలసింది వల. గాలికి అడ్డం రాకూడదు. గొట్టం కొసన గొడుగులాంటి టోపీ ఉంటుంది, దాని కింద సన్నని స్టీలు జాలీ చుట్టి తీగతో బిగిస్తే దోమ ఆగుతుంది, గాలి ఆగదు. ఏడాదికొకసారి జాలీ దులిపించాలి, సాలెగూడు పట్టినా మూత పెట్టినట్లే. గాలిని లోపలికి పీల్చుకోవడమే తప్ప బయటికి వదలని కవాటాలు కొన్ని బజారులో దొరుకుతున్నాయి, డాబా దాకా పైపు అక్కర్లేదు అంటారు. ట్యాంకులో పుట్టిన వాయువు ఎక్కడికో అక్కడికి పోవాలి కదా, అవి పెట్టినా తెరిచిన గొట్టం ఒకటి ఉండితీరాలి.

పాత ఇళ్లలో ఉన్నవారికి ఒక మాట. మీ గాలి గొట్టం బూడిద రంగు సిమెంటు గొట్టమైతే అది ఆస్బెస్టాస్ కావచ్చు. దాన్ని మిషనుతో కోయించకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిపి, ముక్కలు చేయకుండా తీయించాలి. అపార్టుమెంట్లలోకి మారినవారికి ఇంకొక మాట. మీ బాత్రూము మూలనున్న పైపు మీది కాదు, పై నుంచి కింది దాకా అందరిదీ. మీ అంతస్తులో తలుపు మూసేస్తే ఇబ్బంది అందరికీ.

పిల్లల దగ్గరకు హైదరాబాదో అమెరికానో వెళ్లి నెలల తరబడి ఉండేవారు మనలో చాలామంది. తిరిగొచ్చి తాళం తీస్తే కంపు కొడుతుందంటారు. గొట్టం దోషం కాదది. ఆ రెండంగుళాల నీళ్లు ఎండకు ఆరిపోతాయి. వెళ్లేముందు జాలీలో నిండా నీళ్లు పోసి, పైన ఒక చెంచా వంట నూనె వేస్తే తొందరగా ఆరవు. పక్కింటివారికి తాళం ఇచ్చేవారైతే వారానికొక చెంబు నీళ్లు పోయమనండి.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. గొట్టం దాచడానికి నాకు ఆరువేలైంది. పగలగొట్టి, బాగుచేసి, మళ్లీ దాచడానికి 24 వేలు. ఆసుపత్రి ఖర్చు వేరు. మా అబ్బాయి సగమిస్తానన్నాడు, మొదటి సగం తీసుకున్నాను, రెండోది అడగలేదు.

బాక్సు పక్కన అసలు గోడకు, కమోడుకు చేయి అందేంత దూరంలో, స్టీలు కడ్డీ ఒకటి పొడవాటి బోల్టులతో బిగించాము. అది మా ఆవిడ షరతు. ఆ కడ్డీ లేకుండా టైలు అతికించనివ్వనంది. ఇప్పుడు దాన్ని పట్టుకుని లేస్తోంది. నేనూ పట్టుకునే లేస్తున్నాను, ఈ సంగతి ఆమెకు చెప్పవద్దు, ఆ చివర మహిళల వరుసలో కూర్చుని ఉంది.

బాక్సు మూసేముందు లోపల టేపు పెట్టి ఫొటోలు తీయించాను. ఏ అతుకు నేలనుంచి ఎన్నంగుళాల ఎత్తున ఉంది, తలుపు ఎక్కడుంది, చాంబరు ఏ పలక కింద ఉంది, ట్యాంకు చివరిసారి ఎప్పుడు తీయించాము, అన్నీ ఒక కాగితం మీద రాసి, ఫొటోలు అంటించి, ఇంటి దస్తావేజుల పక్కన ఒక ఫైలు తెరిచాను. ట్యాగు కట్టి, పేజీ నంబర్లు వేశాను. గుమాస్తా బుద్ధి పోదు. ఆ ఫైలు ఈ రోజు సంచిలో తెచ్చాను. భోజనాల తరువాత మామిడిచెట్టు కింద కూర్చుంటాను, కావలసినవారు వచ్చి చూసుకోవచ్చు. డాబా ఎక్కి మీ గొట్టం చూసుకోవాలనుకునేవారు మాత్రం మీరు ఎక్కకండి, ఎవరైనా కుర్రవాణ్ణి ఎక్కించి ఫోనులో ఫొటో తీయించుకోండి.